పరీక్ష పెట్టిన చోట ముందుకు, ఎంపిక చేసే చోట వెనక్కి: న్యాయవాద వృత్తిలో మహిళల నూరేళ్ల ప్రయాణం

సుప్రీంకోర్టు పరిశోధన విభాగం 2023 నవంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం జిల్లా, కింది కోర్టుల జడ్జీల్లో మహిళలు 36.3 శాతం. హైకోర్టుల్లో 13.4 శాతం, సుప్రీంకోర్టులో 9.3 శాతం. పైకి వెళ్లేకొద్దీ ఎందుకు తగ్గుతున్నారంటే "కాలం గడిస్తే అదే సర్దుకుంటుంది" అనే జవాబు తరచూ వినిపిస్తుంది. వందేళ్ల చరిత్ర ముందు ఆ జవాబు నిలబడదు. కింది కోర్టుల జడ్జీల్లో ఎక్కువమంది రాతపరీక్ష రాసి వచ్చినవాళ్లు. పై కోర్టులకు మాత్రం బార్‌లోంచి (అంటే లాయర్లలోంచి), కింది కోర్టుల జడ్జీల సర్వీసులోంచి కొలీజియం, అంటే సీనియర్ జడ్జీల బృందం, ఎంపిక చేస్తుంది. తేడాకు మూలం అక్కడుంది.

అసలు కోర్టు గడప దాటడానికే చట్టం కావాల్సి వచ్చింది. రెజీనా గుహ 1916లో అలీపూర్ జిల్లా కోర్టులో ప్లీడరుగా నమోదు కోసం దరఖాస్తు పెట్టారు. కావలసిన న్యాయశాస్త్ర పట్టా ఆమెకుంది. చట్టాల్లో పురుషవాచక పదం స్త్రీలకూ వర్తిస్తుందని జనరల్ క్లాజెస్ చట్టం చెబుతూనే ఉంది. అయినా కలకత్తా హైకోర్టులో ఐదుగురు జడ్జీల బెంచి ఒప్పుకోలేదు. 1879లో లీగల్ ప్రాక్టీషనర్ల చట్టం చేసినవాళ్ల ఆలోచనలో ఆడ ప్లీడర్లు లేనేలేరని చెప్పి దరఖాస్తు కొట్టేసింది. 1921లో సుధాంశుబాల హజ్రా అడిగితే పట్నా హైకోర్టు కూడా అదే దారి పట్టింది. అదే ఏడాది అలహాబాద్ హైకోర్టు మాత్రం కొర్నీలియా సొరాబ్జీని వకీలుగా నమోదు చేసుకుంది. ఆమె 1892లోనే ఆక్స్‌ఫర్డ్‌లో బి.సి.ఎల్. అనే న్యాయశాస్త్ర పరీక్ష పాసైన మనిషి. ఆ పట్టా చేతికందింది 1922లో. హైకోర్టుకో తీరుగా నడుస్తున్న ఈ వ్యవహారానికి 1923 నాటి లీగల్ ప్రాక్టీషనర్ల (మహిళల) చట్టం ముగింపు పలికింది. కేవలం స్త్రీ అయినందువల్ల ఎవరూ ప్రాక్టీసుకు అనర్హులు కారని అది తేల్చేసింది.

ఆ చట్టం సన్నద్ (ప్రాక్టీసుకు అనుమతి పత్రం) ఇప్పించగలిగింది గానీ కేసులు ఇప్పించలేకపోయింది. ట్రావన్‌కోర్‌లో 1937లో మున్సిఫ్ అయిన అన్నా చాందీ కేరళ హైకోర్టుకు చేరింది 1959లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి మహిళా జడ్జిగా జస్టిస్ కె.అమరేశ్వరి వచ్చింది 1978లో. 1950లో మొదలైన సుప్రీంకోర్టుకు జస్టిస్ ఫాతిమా బీవీ రావడానికి 1989 దాకా పట్టింది. 2025 చివరి వరకు లెక్కేసినా అక్కడ కూర్చున్న మహిళలు మొత్తం 11 మందే.

ఎక్కడ జారిపోతున్నారో వృత్తిలో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. ప్రాక్టీసు నిలబడే తొలి ఏడెనిమిదేళ్లు సీనియర్ ఆఫీసులోనే గడుస్తాయి. పగలు వాయిదాలు, సాయంత్రం కక్షిదారులతో మాటలు, రాత్రి దాకా డ్రాఫ్టింగు. పెళ్లి, కాన్పు వచ్చేదీ ఆ ఏళ్లలోనే. ప్రసూతి ప్రయోజనాల చట్టం యజమాని దగ్గర ఉద్యోగం చేసేవాళ్లకు వర్తిస్తుంది. సొంతంగా ప్రాక్టీసు చేసే లాయరుకు యజమాని లేరు కాబట్టి జీతంతో సెలవూ లేదు. ఆరు నెలలు కోర్టుకు రాకపోతే కేసు కట్టలు వేరే వకాలత్‌తో వేరే చేతికి వెళ్తాయి. తిరిగొచ్చాక మళ్లీ మొదటి మెట్టే. హైకోర్టు జడ్జికి రాజ్యాంగం అడిగేది పదేళ్ల ప్రాక్టీసే అయినా, ఆచరణలో పరిశీలించేది 45 దాటినవాళ్లను. అప్పటికి ఎడతెగని ప్రాక్టీసున్న పేర్లు ఎక్కువగా మగవాళ్లవే ఉంటాయి. కోర్టుల్లో వసతి సంగతి సరేసరి. దాదాపు 6,000 ట్రయల్ కోర్టుల్లో 22 శాతం చోట్ల మహిళలకు వేరే మరుగుదొడ్డే లేదని ప్రధాన న్యాయమూర్తి హోదాలో జస్టిస్ ఎన్.వి.రమణ 2021లో చెప్పారు. పొద్దున పదింటికి వచ్చి సాయంత్రం దాకా ఉండాల్సిన పనిలో ఇది చిన్న విషయం కాదు.

అనుభవం, ప్రతిభ ఉన్న లాయర్లకు కోర్టే ఇచ్చే సీనియర్ అడ్వకేట్ హోదా చూడండి. సుప్రీంకోర్టు ఈ హోదా ఇచ్చిన తొలి మహిళ లీలా సేథ్, 1977లో. రెండో మహిళ ఇందు మల్హోత్రా, 2007లో. మధ్యలో ముప్పై ఏళ్లు ఖాళీ. ఇందిరా జైసింగ్ వేసిన కేసులో 2017 తీర్పు మార్కుల పద్ధతి తెచ్చింది: ప్రాక్టీసు ఏళ్లకు 20, వాదించిన కేసుల్లో వచ్చిన తీర్పులూ ఉచిత సేవా వగైరాకు 40, రచనలకు 15, ఇంటర్వ్యూకు 25. 2024 జనవరిలో 56 మందికి హోదా ఇస్తే అందులో 11 మంది మహిళలు. 2025 మేలో సుప్రీంకోర్టే ఆ మార్కులను రద్దు చేసింది. కొన్ని నిమిషాల ఇంటర్వ్యూకు 25 మార్కులన్నది లోపమే. అయితే ఆ లోపాన్ని సరిచేసి, రాతలో ఉన్న కొలమానాన్ని నిలబెట్టి ఉండాల్సింది.

వృత్తిని నడిపే సంస్థల్లో పరిస్థితి ఇంకా అన్యాయం. దేశంలోని 17 లక్షల లాయర్లలో మహిళలు 15 శాతమని, రాష్ట్ర బార్ కౌన్సిళ్లకు ఎన్నికైనవాళ్లలో 2 శాతమేనని, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో ఒక్కరూ లేరని కూడా జస్టిస్ రమణ అప్పుడే చెప్పారు. రాష్ట్ర కౌన్సిళ్లు తమ సభ్యుల్లోంచే ఒక్కొక్కరిని ఢిల్లీకి పంపుతాయి కనుక కింద 2 శాతం ఉంటే పైన సున్నా రావడంలో వింత లేదు. వింతంతా రాష్ట్ర ఎన్నికల్లోనే ఉంది. అక్కడ ప్రాధాన్య ఓటు పద్ధతి, అంటే ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇస్తారు. 25 స్థానాలకు 26,000 చెల్లే ఓట్లు పడితే 26తో భాగించి ఒకటి కలపాలి, అంటే 1,001 ఓట్లొస్తే గెలుపు. ఓటర్లలో 15 శాతం ఒక్కటైనా ముగ్గురు గెలవాలి. కానీ ఓటు సీనియర్ మాటను బట్టి, జిల్లాను బట్టి, కులాన్ని బట్టి చీలుతుంది. రాష్ట్రమంతా కోర్టు కోర్టుకూ తిరిగి ప్రచారం చేసేంత డబ్బూ తీరికా మహిళలకు తక్కువ.

అందుకే ఇక్కడ కూడా నియమమే కదిలించింది. 2024 మేలో సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్‌లో 9 కార్యవర్గ స్థానాల్లో 3, 6 సీనియర్ కార్యవర్గ స్థానాల్లో 2, ఆ ఏడాదికి కోశాధికారి పదవి మహిళలకు కేటాయించాలని కోర్టు ఆదేశించింది. 2025 డిసెంబరులో, ఎన్నికల ప్రక్రియ ఇంకా మొదలవని రాష్ట్ర బార్ కౌన్సిళ్లలో 30 శాతం స్థానాలు మహిళలకు ఇవ్వాలంది. ఈసారికి 20 శాతం ఎన్నికతో, 10 శాతం కో-ఆప్షన్‌తో (ఎన్నిక లేకుండా సభ్యులుగా చేర్చుకోవడంతో). కో-ఆప్షన్‌తో వచ్చిన సభ్యురాలి వెనుక ఓటర్లు ఉండరు. కాబట్టి ఆ 10 శాతం కూడా త్వరగా ఎన్నికలోకి రావాలి.

ఇదే సమయంలో బాగా నడుస్తున్న దారి ఇరుకైంది. సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కనీసం పదేళ్ల అనుభవమున్న లాయరు ఇచ్చే ధ్రువపత్రం కావాలి, దాన్ని న్యాయాధికారి ఆమోదించాలి. కోర్టు అనుభవం అవసరమన్నది నిజమే. కానీ పట్టా పొందగానే పరీక్ష రాసి నేరుగా జడ్జి అయ్యే అవకాశమున్న అమ్మాయి ఇకపై చాలీచాలని స్టైపెండుతో ఆ మూడేళ్లు బార్‌లో నెగ్గుకు రావాలి. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో చెప్పింది గానీ, అది సిఫారసు మాత్రమే. ఆ స్టైపెండు తప్పనిసరి కాకపోతే, ఆడవాళ్లు జారిపోయే మెట్టు జడ్జి పరీక్షకు ముందుకొచ్చి నిలబడుతుంది.