ఇంటర్న్‌ల గొడవ వెనక 2020

ఒంగోలులో ఒక అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ ఆఫీసు మెట్ల మీద ఇంటర్న్‌లు కూర్చోవడంతో పాత గొడవ మళ్ళీ రేగింది. స్టైపెండ్ లేదు, ఊళ్ళు తిరిగిన ఆటో చార్జీలైనా ఇవ్వలేదు, గట్టిగా అడిగితే సర్టిఫికెట్ ఆపుతామంటున్నారు అని పిల్లల ఫిర్యాదు. ఇంటర్న్‌షిప్ అంటే నేర్చుకోవడమే, ఉద్యోగం కాదు అని సంస్థ జవాబు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ రంగంలో ఉన్నవాళ్ళకు ఈ మాటలు కొత్త కాదు.

మిషనరీల కాలం, 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ మీద పని ఇప్పించిన సంగతి ఇక్కడివాళ్ళకు మళ్ళీ చెప్పక్కర్లేదు. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత పెద్ద పెద్ద సంస్థలు మైపాడు నుంచి కొత్తపట్నం దాకా తీరానికి వచ్చిన సంగతీ అందరికీ గుర్తే. ఆ రోజుల నుంచి ఒక్క విషయం మాత్రం పట్టుకోవాలి. ఇంటర్, డిగ్రీ చదివిన స్థానిక కుర్రాళ్ళు, ఆడపిల్లలు ఫీల్డ్ స్టాఫ్ అయ్యారు. జీతం తక్కువైనా నెలనెలా వచ్చేది. ప్రాజెక్టు మూతపడితే అదే మనిషిని ఇంకో సంస్థ తీసుకునేది. ఎవరి పడవ ఎవరి పేరున ఉందో, ఏ ఇంట్లో రేషన్ కార్డు లేదో వాళ్ళకు తెలుసు కాబట్టి తీసుకునేది.

ఆ ఏర్పాటు 2020 సెప్టెంబర్‌లో తెగింది. కరోనా హడావుడిలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ, విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి, అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అనే దానికి, ఆ నెలాఖరులో వచ్చిన సవరణ ఇవాళ్టి గొడవకు అసలు మూలం. అందులో రెండు మార్పులు ఇక్కడ దెబ్బకొట్టాయి. మొదటిది, విదేశీ నిధులు తీసుకున్న సంస్థ వాటిని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. అంతకుముందు డబ్బు ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పెద్ద సంస్థకు వచ్చి, అక్కడి నుంచి కనిగిరిలోనో కోవూరులోనో ఉన్న చిన్న సొసైటీకి చేరేది. ఊళ్ళో పని చేసేది ఆ చిన్న సొసైటీ మనుషులే. వాళ్ళు సొంతంగా రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలంటే మూడేళ్ళ అనుభవం, ఆ మూడేళ్ళలో కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి. పక్కవాళ్ళ గ్రాంటు మీద నడిచిన సొసైటీకి అంత ఖర్చు సొంతంగా ఎక్కడిది? పైగా విదేశీ డబ్బంతా ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు బ్రాంచిలోనే పడాలన్నారు. ఈ సవరణను 2022 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు కూడా సమర్థించడంతో ఆశ వదులుకోవాల్సి వచ్చింది.

రెండోది, పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి పడిపోయింది. జీతాలు ఇవ్వలేకపోతున్నామని యాజమాన్యాలు చెప్పేటప్పుడు చూపించేది దీన్నే. నిజమే, అద్దె, అకౌంటెంటు, ఆఫీసు సిబ్బంది అన్నీ ఆ 20లోనే సర్దుకోవాలి. కానీ అదే చట్టం కింద ఉన్న నిబంధనల్లో, సంస్థ లక్ష్యాల కోసం నేరుగా పెట్టే ఖర్చును పరిపాలన ఖర్చులో కలపక్కర్లేదని ఉంది. ఆసుపత్రి డాక్టరు జీతం, బడి టీచరు జీతం అందులోకి రావు. ఊరూరా తిరిగి తల్లులతో మాట్లాడే ఫీల్డ్ వర్కర్ జీతాన్ని ఎటు రాయాలో తేల్చే చోట ఆడిటర్లు జాగ్రత్త పడ్డారు, సంస్థలు ఇంకా ఎక్కువ జాగ్రత్త పడ్డాయి. ఆ జాగ్రత్తకు బలైంది ఫీల్డ్ స్టాఫే.

ఇది ఎంత నష్టమో తెలియాలంటే ఇందుకూరుపేట వైపు ఒక యానాది కాలనీకి వెళ్ళాలి. రొయ్యల చెరువు కాపలాకు అడ్వాన్సు తీసుకుని, తీర్చలేక అక్కడే ఉండిపోయిన కుటుంబం కొత్త మనిషికి నోరు విప్పదు. ట్యాబ్ పట్టుకుని ప్రశ్నలడిగే అమ్మాయికి "అప్పేం లేదమ్మా" అంటుంది. పదిసార్లు వచ్చి, ఆధార్ కోసం వెంట తిప్పి, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళిన అక్కకే అసలు సంగతి చెబుతుంది. కనిగిరి వైపు తాగునీటి ఫ్లోరైడ్ మీద పనీ అంతే. కనిగిరి కూడా కలిసి ఉన్న అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించింది 1937లో. ఇన్నేళ్ళ సమస్యకు రెండు నెలల మనిషి ఏం చేయగలరు?

సరిగ్గా ఆ సమయంలోనే రెండు నెలల మనుషులు దొరికారు. 2020-21 నుంచి రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్ విడతలుగా తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, తర్వాత వేసవి ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక సెమిస్టర్ మొత్తం. ఉద్దేశం మంచిదే. కానీ ఇన్ని వేలమందికి చోటెక్కడ? కాలేజీలకు సంతకం పెట్టే సంస్థ కావాలి, సంస్థలకు సర్వే చేసే చేతులు కావాలి. ఇద్దరి అవసరమూ తీరింది. క్రెడిట్ల కోసం సర్టిఫికెట్ కావాల్సిన పిల్లలకు మాత్రం బేరమాడే వీలే లేకుండా పోయింది. మానేయమంటే స్టాఫ్ మానేసి ఇంకోచోట చూసుకోగలరు. ఇంటర్న్ మానేస్తే సెమిస్టర్ పోతుంది.

ఇది మన దగ్గరి రోగమే కాదు. 2015లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఇంటర్న్ ఒకరు జీతం లేక గుడారంలో ఉంటున్నారని తెలిసి ప్రపంచమంతా మాట్లాడుకుంది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేశాక, జూలై 1 నాటికి ఆ సాయం పంచే సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేశాక దాతల దగ్గర డబ్బు ఇంకా బిగుసుకుంది. మిగిలిన స్టాఫ్‌కు కాంట్రాక్టు రెన్యువల్ టెన్షన్ పట్టుకుంది. ఇంటర్న్‌లను చూస్తే వాళ్ళకు తమ ఉద్యోగం మీదికి వచ్చినవాళ్ళలా కనిపించడం, ఇంటర్న్‌లకు వాళ్ళు కసురుకునే పెద్దవాళ్ళలా కనిపించడం అప్పటి నుంచే.

సంస్థ మాటను పక్కన పెట్టలేం. చట్టం మేం రాయలేదని వాళ్ళంటారు, అదీ నిజం. కానీ పిల్లలు అడుగుతున్నవి పెద్ద కోరికలేం కావు. ప్రయాణ ఖర్చు, రోజుకు ఎన్ని గంటలో రాసిచ్చిన కాగితం, తాము సేకరించిన వివరాలతో వచ్చే రిపోర్టులో పేరు, సాయంత్రం దాటాక ఆడపిల్లల్ని ఒంటరిగా పంపకపోవడం. చివరిదానికైతే చట్టమే అండగా ఉంది. పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ట్రైనీని, జీతం లేని వాలంటీరును కూడా ఉద్యోగిగానే లెక్కేస్తుంది. ఒంగోలు మెట్ల మీద కూర్చున్న పిల్లల్లో నేను మాట్లాడిన ఏ ఒక్కరికీ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళకు మొదటిరోజు ఇచ్చింది ఒక ట్యాబ్, ఊళ్ళ జాబితా, పని మానేసిన పాత ఫీల్డ్ వర్కర్ ఫోన్ నంబరు. దారి తెలియకపోతే ఆవిడకు చేయమన్నారు. ఆవిడ ఇప్పటికీ ఫోనెత్తి దారి చెబుతోంది.