గోడ ముట్టినా ఆగని గడియారం

పిల్లలూ,

మొన్న ఈత పోటీల్లో చిట్టి అడిగింది: "తాతయ్యా, అన్నయ్య గోడ ముట్టుకోవడం నేను చూశాను. మరి బోర్డు మీద టైము ఆగలేదేం?" ఆ హడావిడిలో జవాబు చెప్పలేకపోయాను.

మా రోజుల్లో బావిలో గట్టు ముందు ఎవరు ముట్టారంటే సాయంత్రం దాకా వాదనే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లోనూ ఆ గొడవ తప్పలేదు. 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో చేతి వాచీలన్నీ అమెరికా ఈతగాడు లార్సన్ ముందన్నాయి, కానీ కళ్లతో చూసి తేల్చే జడ్జీల మాట ప్రకారం బంగారు పతకం ఆస్ట్రేలియా ఈతగాడు డెవిట్‌కి దక్కింది. అందుకే 1968 మెక్సికో ఒలింపిక్స్ నాటికి గోడకే టచ్‌ప్యాడ్ తగిలించారు.

అదొక పెద్ద కాలింగ్ బెల్ స్విచ్చు అనుకోండి. వెడల్పు 2.4 మీటర్లు, ఎత్తు 90 సెంటీమీటర్లు. అందులో 30 నీటి పైన, 60 నీటి లోపల. మందం ఒక్క సెంటీమీటరే. లోపల కరెంటు పారే పొరలు ఒకదానికొకటి తగలకుండా ఉంటాయి. చేత్తో నొక్కితే కలుస్తాయి, గడియారం ఆగుతుంది. అలల తాకిడికి కలవకూడదు, చేతి ఒత్తిడికి కలవాలి. ఎంత సున్నితమైన పనో చూడండి!

బెల్లు మోగకపోతే ఏం చేస్తాం? ముందు వైరు చూస్తాం. ఇక్కడా అంతే. ప్లగ్గు తడిసిందా, పచ్చటి చిలుము పట్టిందా చూసి, తుడిచి ఆరబెట్టాలి. అప్పటికీ పలకకపోతే ఆ ప్యాడ్ ప్లగ్గును పక్క లేన్ వైరుకి పెట్టి నొక్కాలి. ఇప్పుడు పలికిందంటే తప్పు పాత వైరుది, పలకకపోతే ప్యాడ్‌ది.

వానకి తడిసిన బెల్లు ఎవరూ నొక్కకుండానే మోగుతుంది కదా? ప్యాడ్ లోపలికి నీరు దిగినా, అది వంగినా అంతే. కరెంటు దారిలో అడ్డు ఎంతుందో ఓమ్‌లలో చూపే మల్టీమీటరు పెడితే తెలుస్తుంది. నొక్కనప్పుడు దారి తెగినట్టు చూపాలి, నొక్కితే కొద్ది ఓమ్‌లకు పడిపోవాలి. నొక్కకుండానే తక్కువ చూపిస్తే ఆ ప్యాడ్ తీసేయాల్సిందే.

అన్నిటికన్నా మోసం చేసేది మధ్యలో పలికి మూలన పలకని ప్యాడ్. ఒక్కచోట నొక్కి బాగుందనుకోకూడదు. మూలలు, అంచులు, నీటి గీత దగ్గర, నీటి లోపల అరచేత్తో వరసగా నొక్కుతూ పోవాలి. పోటీ అయ్యాక మంచినీళ్లతో కడిగి నీడలో పెట్టాలి. నేల మీద ఉన్నప్పుడు దాన్ని తొక్కకండి, ఇద్దరు పట్టుకుని ఎత్తండి.

ప్యాడ్ బాగున్నా ఒక్కోసారి టైము ఆగదు. ప్యాడ్ పైన గట్టు అంచు పట్టుకున్నా, వేలికొసలతో మెల్లగా తాకినా అంతే. 2008 బీజింగ్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో సెర్బియా ఈతగాడు చావిచ్ చేతులు చాచి జారుతూ వచ్చాడు, అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ ఇంకో అర బార వేసి బలంగా తట్టాడు. ఫెల్ప్స్‌కి 50.58 సెకన్లు, చావిచ్‌కి 50.59. తేడా సెకనులో నూరో వంతు!

చిట్టీ, మీ అన్నయ్య టైము ఎక్కడికీ పోలేదు. లేన్ చివర బటన్లు పట్టుకుని నిలబడి, ఈతగాడు గోడ ముట్టగానే చేత్తో నొక్కి టైము పట్టేవాళ్లు ఇలాంటప్పటి కోసమే. వచ్చే పోటీకి అరగంట ముందే వెళ్లండి. ఒకాయన గట్టు మీద వంగి ఒక్కో ప్యాడ్‌నీ నొక్కుతుంటాడు. ఆయన చేతిని కాదు, బోర్డును చూస్తూ ఉండండి.

మీ తాతయ్య