ఐసీయూ సిస్టర్ కళ్లద్దాల్లో ఏం కనిపించాలి?

వెంటిలేటర్ మీదున్న రోగికి కఫం తీసేటప్పుడు సిస్టర్ చూపు గొట్టం మీదే ఉంటుంది. మానిటరేమో వెనక గోడకు. కఫం పీల్చే ఈ సక్షన్ ప్రతిసారీ 10–15 సెకన్లు దాటకూడదు; ఆ కాసేపట్లోనే ఆక్సిజన్ పడిపోవచ్చు, గుండె నెమ్మదించవచ్చు. ఆగ్మెంటెడ్ రియాలిటీ కళ్లద్దాలు పనికొచ్చేది ఇలాంటి చోటే. ఎదుట రోగి కనిపిస్తూనే, అద్దం మూలన ఆక్సిజన్, పల్స్, బీపీ అంకెలు వెలుగుతాయి. ఆ మూడూ చాలు. మానిటర్‌లోని తరంగాలన్నీ అక్కడే గీస్తే అసలు మనిషి మరుగునపడతాడు.

మంచం పక్క మానిటర్ నుంచి విలువలు సర్వర్‌కూ, అక్కడి నుంచి వైఫై మీద కళ్లద్దాలకూ చేరతాయి. ఏ రోగివో తేల్చేది క్యూఆర్ కోడ్. దాన్ని మంచానికి మాత్రమే అంటిస్తే, స్కానింగ్‌కు వెళ్లొచ్చిన రోగిని మరో మంచం మీద పడుకోబెట్టిన రోజున ఒకరి అంకెలు ఇంకొకరివైపోతాయి. చేతిపట్టీ కోడ్, మంచం కోడ్ రెండూ కలిస్తేనే అంకె రావాలి.

నెట్‌వర్క్ ఆగినప్పుడు పాత ఆక్సిజన్ అంకె 98 అలాగే నిలిచిపోతే, ఏమీ కనిపించకపోవడం కన్నా ప్రమాదం. కొన్ని సెకన్లపాటు కొత్త విలువ రాకపోతే అద్దం ఖాళీ అయిపోవాలి. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో ఊళ్లను రోజుల తరబడి చీకట్లో ఉంచింది. అందుకే సర్వర్ ఆస్పత్రిలోనే, యూపీఎస్ మీద ఉండాలి. మానిటర్ అలారం ఎప్పటిలాగే మోగాలి.

ఉద్దానం కిడ్నీ రోగులు వచ్చే వార్డులో ఈ అద్దాలకు అంకెలకన్నా విలువైన పని ఒకటుంది. డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన (ధమనిని, సిరను కలిపి కుట్టిన) చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సెలైన్ పెట్టకూడదు, రక్తం తీయకూడదు. ఒత్తిడికి రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోవచ్చు. స్పృహలో లేని రోగి ఆ మాట చెప్పలేడు. ఆ చేతి మీద ఎర్ర గుర్తు కనబడితే రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చినవాళ్ల చెయ్యి కూడా ఆగుతుంది. పక్కనే చివరి పొటాషియం విలువ, రక్తం తీసిన సమయం ఉంటే ఇంకా మేలు.

ఇంతా చేసి, అద్దం అంకెను మోస్తుందే గానీ సరిచేయదు. ధమనిలో గొట్టం పెట్టి బీపీ కొలిచేటప్పుడు ఒత్తిడిని పసిగట్టే ట్రాన్స్‌డ్యూసర్ గుండె ఎత్తులో ఉండాలి: నాలుగో పక్కటెముకల సందు, ఛాతీ పక్క మధ్యగీత. అది 10 సెంటీమీటర్లు కిందికి జారితే బీపీ 7 మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ చూపిస్తుంది. అసలు సగటు బీపీ 60 అయితే 67 కనిపిస్తుంది. 65 ఉంటే చాలనుకుని, బీపీ పెంచే మందు నార్‌అడ్రినలిన్ పెంచరు. రోగి అవయవాలకు సరిపడా రక్తం అందకపోవచ్చు. అద్దంలో గుండె ఎత్తు చూపే అడ్డగీత గీయించుకోవచ్చు గానీ ఆ గీత తల కదలికకు ఒకటి రెండు సెంటీమీటర్లు జరగొచ్చు. మంచం ఎత్తు మార్చిన ప్రతిసారీ మట్టం చూసే లెవెల్ పెట్టి చూసుకోవాల్సిందే.

బరువు మరో చిక్కు. 2024లో తయారీ ఆగిపోయిన మైక్రోసాఫ్ట్ కళ్లద్దం హోలోలెన్స్ 2 బరువు 566 గ్రాములు, ఒకసారి ఛార్జ్ చేస్తే పనిచేసేది రెండు మూడు గంటలు. దాన్ని షిఫ్టంతా తల మీద మోయడం కుదరదు. ఒక కంటి ముందు చిన్న తెర ఉండే తేలిక రకం మేలు. సక్షన్‌కు, రోగిని మరో వార్డుకు తరలించేటప్పుడు పెట్టుకుని, పని కాగానే తయారీదారు ఒప్పుకున్న క్రిమినాశినితో తుడిచి ఛార్జింగ్‌కు పెట్టేయాలి.