చివరివాడికే మొదటి వంతు

1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్ గదిలో బ్లాక్‌బోర్డు మీద 90 మంది కాలేజీ కుర్రాళ్ల పేర్లు రాసిపెట్టారు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని తొమ్మిది జట్లవాళ్లు వంతులవారీగా ఒక్కో పేరు ఎంచుకున్నారు. కిందటి సీజన్‌లో అట్టడుగున ఉన్న జట్టుకి మొదటి వంతు. అప్పటిదాకా ఎవరు ఎక్కువ డబ్బిస్తే కుర్రాడు వాళ్ల జట్టులో చేరేవాడు. గెలిచే జట్లే మళ్లీ మళ్లీ గెలిచేవి. డ్రాఫ్ట్ అనే ఈ పద్ధతి పెడదామన్నది ఫిలడెల్ఫియా జట్టు ఈగల్స్ యజమాని బెర్ట్ బెల్. ఆ ఏడు అట్టడుగున ఉన్నదీ ఆయన జట్టే అనుకోండి! తీరా ఆయన ఎంచుకున్న జే బర్వాంగర్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

బెల్ భయం ఉత్తిది కాదని పదేళ్లకే తేలింది. 1946లో పోటీగా మొదలైన ఇంకో లీగ్‌లో నాలుగేళ్లూ క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌దే టైటిల్. 1948లో అయితే ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఎవరు గెలుస్తారో ముందే తెలిస్తే టికెట్ కొనేదెవరు? జనం తగ్గారు, నష్టాలు పెరిగాయి, 1949తో ఆ లీగ్ మూతపడింది, బ్రౌన్స్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చేరారు.

ఎన్‌ఎఫ్‌ఎల్ తర్వాత చేసినవన్నీ ఈ దారిలోనివే. 1961లో చట్టం అనుమతించడంతో టీవీ హక్కులు మొత్తంగా అమ్మి, డబ్బు సమానంగా పంచుకోవడం మొదలుపెట్టారు. న్యూయార్క్ జట్టుకెంతో, గ్రీన్ బే అనే చిన్న ఊరి జట్టుకీ అంతే. పెట్టుబడిదారీ దేశంలో ఇంత సమసమాజం ఇంకెక్కడా కనబడదేమో! 1994లో ఆటగాళ్ల జీతాలకు పరిమితి వచ్చింది, మన ఐపీఎల్ వేలంలో పర్సు లాంటిది. మొదటి ఏడాది జట్టుకి 3.46 కోట్ల డాలర్లు.

అయినా 2001 నుంచి 2019 దాకా 19 సీజన్లలో 17 సార్లు తన డివిజన్‌లో, అంటే కొన్ని జట్ల గుంపులో, పేట్రియట్స్ అనే జట్టుదే మొదటి స్థానం. వాళ్ల క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించే ఆటగాడు, టామ్ బ్రేడీ డ్రాఫ్ట్‌లో 199వ వాడు. అంటే ప్రతి జట్టూ అతన్ని చూసింది, వద్దనుకుంది. డబ్బు పంచగలరు, వంతులు పంచగలరు. ఎవడు పనికొస్తాడో కనిపెట్టే కన్నుని ఎలా పంచుతారు? పైగా జీతాల పరిమితి ఆటగాళ్లకే, కోచ్‌కి ఎంతైనా ఇవ్వొచ్చు.

వంతుల రూలుకి ఇంకో సందు కూడా ఉంది. వంతుని ఇచ్చిపుచ్చుకోవచ్చు. 2017లో మళ్లీ ఫిలడెల్ఫియాలోనే డ్రాఫ్ట్ జరిగింది. కిందటి సీజన్‌లో 12 మ్యాచ్‌లు గెలిచిన కాన్సాస్ సిటీ చీఫ్స్‌ది 27వ వంతు. బఫెలో బిల్స్‌ది 10వది. బిల్స్ ప్లేఆఫ్స్ ముఖం చూసి అప్పటికి 17 సీజన్లు. వాళ్లకి తమ 27వ వంతుతో పాటు ఇంకో రెండు వంతులిచ్చి, చీఫ్స్ 10వ స్థానానికి ఎగబాకి ప్యాట్రిక్ మహోమ్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని పట్టుకుపోయారు. ఒకప్పటి మొనగాళ్లు బ్రౌన్స్‌కి ఆ రోజు మొదటి వంతే వచ్చింది. వాళ్లు వేరొకరిని తీసుకున్నారు, ఆ సీజన్‌లో 16కి 16 ఓడారు.

బిల్స్ తర్వాత బాగా పుంజుకున్నారు. కానీ 2020 నుంచి 2024 దాకా ఐదు సీజన్లలో నాలుగుసార్లు ప్లేఆఫ్స్‌లో ఇంటికి పంపింది మహోమ్స్ జట్టే. 2022 జనవరిలో అయితే 13 సెకన్ల ఆట మిగిలుండగా ఆధిక్యంలో ఉన్నది బిల్సే.