కాశీలో అరటిపళ్లు అమ్ముదామనుకున్న పిల్లాడు

చిరంజీవులు బుజ్జికి, నానికి అమ్మమ్మ ఆశీస్సులు.

బుజ్జీ, ఇంటర్ లెక్కలు పోయాయని మొన్న ఏడుస్తూ చెప్పి, నేను నోరు తెరిచేలోపే ఫోన్ పెట్టేశావు. నీకు ఒకాయన సంగతి చెబుదామనుకున్నాను. ఫోన్‌లో చెబితే "సరే అమ్మమ్మా" అని తప్పించుకుంటావు. అందుకే ఈ ఉత్తరం.

మందులు కనిపెట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో మన భీమవరంలోనే పుట్టాడు. ఇంటినిండా పిల్లలు, తండ్రికి ఆరోగ్యం అంతంతమాత్రం. పదమూడేళ్లప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. పట్టుకుని వెనక్కి తెచ్చారనుకో. గోదావరి పిల్లాడికి వ్యాపారం అంటే అరటిపళ్లు కాక ఇంకేం తడతాయి! మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసులో గట్టెక్కాడు. చదువు ఆగకుండా తల్లి వెంకమ్మగారు ఒంటి మీద నగలు అమ్మిందంటారు.

తర్వాత రామకృష్ణ మిషన్‌లో సన్యాసం పుచ్చుకుంటానన్నాడు. తల్లి ససేమిరా అంది. వైద్యం చదువు, అదీ సేవే అని మిషన్‌వాళ్లే నచ్చజెప్పారట. మీ తాతయ్యలా గంటలు గంటలు పూజగదిలో కూర్చునే భక్తి కాదు ఆయనది. ఆ నమ్మకమంతా తీసుకెళ్లి పనిలో పెట్టాడు. అలాగని దారేమీ సాఫీగా లేదు. ఆపరేషన్ గదిలోకి ఖద్దరు వేసుకెళ్లాడని ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ అనే తక్కువ డిగ్రీ చేతిలో పెట్టారు.

స్ప్రూ అని ఒక జబ్బు ఉంది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలతో మనిషి ఎండిపోతాడు. ఎనిమిది రోజుల తేడాలో ఆయన అన్నదమ్ములు ఇద్దరు దానితోనే పోయారు. ఆయనకీ వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద మందు కాపాడింది.

1922లో బోస్టన్ చేరాడు. ఇక్కడ డాక్టరు, అక్కడ రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగే పని. పగలు హార్వర్డ్‌లో చదువు. నానీ, నీ సైన్స్ పుస్తకంలో ఏటీపీ అని, ఒంట్లో కణాలకు శక్తినిచ్చే పదార్థం ఉంటుంది చూడు. అది కండరాల్లో ఉందని 1929లో చెప్పినవాళ్లలో ఈయన ఒకడు. అయినా హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లాడు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను తయారుచేసింది. తర్వాత చూస్తే స్ప్రూ రోగులకు అదే మందు! తమ్ముడూ అన్నా పోయిన పాతికేళ్లకు. మీరు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ రోజూ మొహం ముడుచుకుని మింగిన ఎర్ర మాత్రలో ఉన్నదీ అదే.

పుస్తకాల్లో పెద్దగా రాయనిది ఇంకొకటుంది. భార్య శేషగిరిగారిని ఇక్కడే వదిలి వెళ్లాడు. కొడుకు పుట్టాడు, నెలల బిడ్డగానే పోయాడు. ఆ బిడ్డను ఆయన చూడనేలేదు. 1948 ఆగస్టులో ఆయన అమెరికాలోనే చనిపోయాడు, వయసు 53. ఆవిడ మళ్లీ ఆయన్ని చూడలేదు. ఎంత గొప్పవాడైనా ఇది తలుచుకుంటే నా మనసు ఒప్పదు.

మా అమ్మకు బోదకాలు ఉండేది, మీకు తెలీదు. కుడికాలు అరటిబోదెలా లావుగా ఉండేది. పెళ్లిళ్లలో చీర కుచ్చిళ్లు కిందకి లాక్కుని, ఎవరూ చూడకుండా మూల కూర్చునేది. ఆ జబ్బు తెచ్చే క్రిములను చంపే డీఈసీ మందు కూడా సుబ్బారావుగారి ల్యాబ్‌లోంచి వచ్చిందే. అప్పుడు అది మా ఇంటిదాకా రాలేదు. ఇప్పుడు ఆశా వర్కరే గుమ్మం దగ్గరికి తెచ్చి, అన్నం తిన్నాక ఎదురుగా నిలబడి మింగిస్తోంది. నానీ, కిందటిసారి నువ్వు బుగ్గలో దాచి తులసికోట వెనకాల ఉమ్మేసిన మాత్ర అదేరా. నేను చూశాను.

బుజ్జీ, సప్లిమెంటరీ ఫీజు కట్టావా? ఆఖరి తేదీ ఎప్పుడో కనుక్కుని రాత్రికి ఫోన్ చెయ్యి. ఈసారి నేను మాట్లాడేదాకా పెట్టెయ్యకు.

మీ అమ్మమ్మ