ఉదయగిరి చెంచా, ఎగ్జిబిషన్ స్టాలు: ఈ గొడవ అసలు మొదలైంది 1999లో

నెల్లూరులో ఎగ్జిబిషన్ పడితే చాలు, నాలుగో రోజుకో అయిదో రోజుకో ఈ గొడవ లేస్తుంది. ఈసారి వాట్సాప్‌లో వీడియో తిరిగింది కాబట్టి కాస్త గట్టిగా లేచింది, అంతే తేడా. స్టాలు మీద ‘ఉదయగిరి చెక్క చెంచాలు’ అని ఇంత పెద్ద ఫ్లెక్సీ, లోపల సరుకేమో ఒకే అచ్చులోంచి ఊడిపడ్డట్టు గరిటెలు, పైన వార్నిష్ మెరుపు, కవర్ వెనక తిప్పి చూస్తే ఇంకేదో రాష్ట్రం అడ్రసు. వీడియో తీసినాయన ఇదేంది అని అడిగితే అమ్మే కుర్రాడు, ‘నాకేం తెలుసన్నా, ఫ్లెక్సీ వాళ్లే కట్టారు, నేను జీతానికి కూర్చున్నా’ అన్నాడు. ఆ మాట నిజమే అయుంటుంది కూడా.

నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం కథ, రాయలవారి ముట్టడి, కొండ కింద చెంచాలు ఎట్టా పుట్టాయి అనేవి ఇక్కడ మళ్లీ చెప్పబోవడం లేదు. అవి ప్రతి ఆదివారం అనుబంధంలో వస్తూనే ఉంటాయి, వాటితో ఇప్పటి తగవు తేలదు. రెండురోజులుగా అందరూ అడిగేది ఒకటే, ఉదయగిరి చెంచాకి జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి పేరు ఆ ఊరి సరుకుకే చెందాలని ఇచ్చే గుర్తింపు) ఉంది గదా, మరి ఆ స్టాలు ఎందుకు మూయించలేకపోయారు?

ముందు దానికి జవాబు చెప్పుకుందాం. జీఐ చట్టం 1999లో చేశారు, అమల్లోకి వచ్చింది 2003 సెప్టెంబర్‌లో. తప్పుడు జీఐ పేరు పెట్టి అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అని అందులో స్పష్టంగానే ఉంది. చదివితే చాలా గట్టి చట్టం అనిపిస్తుంది. కానీ సరుకు సోదా చేసి పట్టుకోవాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని ఆఫీసర్ రావాలి, ఆ వచ్చే ఆఫీసర్ కూడా ముందు జీఐ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి, ఆ రిజిస్ట్రీ ఉండేది చెన్నైలో. మన ఎగ్జిబిషన్ నడిచేది ఎన్ని రోజులు? కాగితం చెన్నై పోయి వచ్చేలోపు గుంజలు పీకి లారీ ఎక్కించేసి ఉంటారు. సివిల్ దావా వేద్దామన్నా, ఆ పేరు రిజిస్టర్ చేయించిన సంఘమో, దాని కింద ‘అధీకృత వినియోగదారు’గా పేరు నమోదైన వాళ్లో వేయాలి. ఉదయగిరిలో పుట్టి నలభై ఏళ్లుగా చెంచాలు చెక్కుతున్నా సరే, ఆ నమోదు లేకపోతే చట్టం లెక్కలో ఆ మనిషి హక్కుదారు కాదు.

చీరలవాళ్ల పరిస్థితి దీనికన్నా కొంచెం నయం. చేనేతకి 1985 రిజర్వేషన్ చట్టం ఉంది, 1993లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది, మొదట 22 రకాలు చేతిమగ్గానికే అని పెట్టి తర్వాత 11కి కోసేసినా చీర అనేది ఆ జాబితాలో ఇంకా మిగిలుంది. 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉంది. ఏదీ లేకపోయినా కొనేవాళ్లు కాస్త నిదానించి చీర అంచు వెలుతురుకి పెట్టి చూస్తే సూది గుచ్చినట్టు చిన్న చిన్న బెజ్జాలు కనపడతాయి, వెంకటగిరి జాందానీ అయితే బుటా వెనకవైపు కూడా ముందువైపు లాగే శుభ్రంగా ఉంటుంది, తోకల్లాగా దారాలు వేలాడవు. చెంచాకి ఇట్టాంటి ఆనవాలు చెప్పడం కష్టం. పైగా ఉదయగిరిలోనూ ఇప్పుడు మొదటి కోతకి మిషన్లు వాడతారు, వ్యాపారులు పట్టుకునేది సరిగ్గా ఆ మాటనే, ‘మీరూ మిషనే గదా, మేమూ మిషనే’ అని.

అదీ ఇదీ ఒకటి కాదు. నర్ది చెక్కో, బిక్కి చెక్కో, పాలబరికో పచ్చి మీదుండగానే పని పట్టాలి, ఎండిందంటే బిగుసుకుని ఉలికి లొంగదు. ముక్క కోసినాక బాడిశతో రూపు తీయడం, గుంట తొలవడం, కాడ సన్నం చేయడం, ఆకురాయితో రాసి ఉప్పుకాగితం పట్టడం, ఇదంతా చేతిమీదే, చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతిమీదే. పక్కపక్కన నాలుగు చెంచాలు పెట్టి గుంటలో బొటనవేలు తిప్పి చూడండి, నాలుగూ నాలుగు లోతులుంటాయి. అచ్చు సరుకులో పది తీసినా ఒకటే లోతు. ఈ పరీక్ష ఎవరైనా చేయొచ్చు, కానీ నలభై రూపాయల చెంచా కోసం జనంలో నిలబడి బొటనవేలు తిప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది?

సరే, చట్టం సంగతి అది. కానీ నా దృష్టిలో నకిలీ సరుకు అనేది పైన కనపడే పొక్కు మాత్రమే. చేసేవాళ్లు ఆ స్టాల్లో ఎందుకు లేరు అనేదే అసలు ప్రశ్న. ఆ స్టాలు ఉదయగిరి వాళ్ల చేతిలో ఉంటే వేరే సరుకు అక్కడికి ఎట్టా వస్తుంది? దానికోసం వెనక్కి పోవాలి, మరీ రాయలకాలం దాకా కాదు, పాతికేళ్ల పైన కొంచెం.

దూబగుంట కథ, రోశమ్మగారి పేరు, సారా ఆపాలని ఆడవాళ్లు చేసిన ఉద్యమం ఈ జిల్లాలో పిల్లలకి కూడా తెలుసు. 1993 ఏప్రిల్‌లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ ఊపులోనే ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి గ్రూపులు లేచాయి, అవే డ్వాక్రా గ్రూపులయ్యాయి, డ్వాక్రా బజార్లు వచ్చాయి. అంతకుముందు తిరునాళ్లలో చేసినవాడు చేసింది తెచ్చి గోనెపట్టా పరిచి ఆశీలు చీటీ తెంపించుకుని కూర్చునేవాడు. డ్వాక్రా బజారుతో మొదటిసారి సర్కారే స్టాలు కట్టి, బ్యానర్ కట్టి, రా అమ్మా కూర్చో అంది. గొప్ప సంగతే, దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. అయితే ఆ స్టాలు ఇచ్చింది గ్రూపుకి. అప్పట్లో ఆ తేడా ఎవరికీ కనపడలేదు, ఎందుకంటే పనివాళ్లకి విడిగా ఇంకో దారి ఉండేది.

ఆ దారి పేరు సిట్రా. 1992లో కేంద్రం పెట్టిన పథకం, పల్లెల్లో చేతిపనివాళ్లకి మెరుగైన పనిముట్లు ఇచ్చేది. సుమారు 2 వేల రూపాయల పనిముట్ల సెట్టు, అందులో పదోవంతు పనివాళ్లు పెట్టుకుంటే మిగతాది సబ్సిడీ. ఇప్పటి లెక్కన చిన్న మొత్తమే. కానీ డబ్బుకన్నా ముఖ్యమైంది ఒకటుంది, ఆ పథకం కోసం గ్రామీణాభివృద్ధి ఆఫీసులో చేతిపనివాళ్లని ‘చేతిపనివాళ్లు’గానే రాసుకోవాల్సి వచ్చేది. ఫలానా ఊళ్లో ఫలానా పని చేసేవాళ్లు వీళ్లు అని. గ్రూపులో ఉన్నారా లేదా అనేది ఎవరూ అడిగేవాళ్లు కాదు.

1999 ఏప్రిల్ 1న ఐఆర్‌డీపీ (పల్లెల్లో పేదలకి లోన్లిచ్చే పథకం), డ్వాక్రా, సిట్రా, ఇంకొన్ని పాత పథకాలు అన్నీ కలిపేసి స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజన అని ఒకటే చేశారు. కాగితం మీద బాగుంది, ఇన్ని పథకాలెందుకు, ఒకటి చాలు గదా అని. పని జరిగేది మాత్రం ఎక్కువగా గ్రూపు ద్వారా. దాంతోపాటు మండలానికి నాలుగైదు ‘కీలక ఉపాధి పనులు’ ఎంచుకోమన్నారు. లోను అంటే గేదె అనే రోజులవి, ఆ నాలుగైదింటిలో పాడికి ఎప్పుడూ చోటుండేది, చెంచాలకి ఎక్కడ ఉంటుంది చెప్పండి. ఆ ఒక్క తేదీతో చేతిపని మనిషి గ్రామీణాభివృద్ధి లెక్కల్లోంచి పోయాడు, గ్రూపు సభ్యురాలు మిగిలింది. జీఐ చట్టం చేసిన ఏడాదీ, పనిముట్ల పథకం పోయిన ఏడాదీ ఒకటే కావడం చూస్తే నాకు నవ్వొస్తుంది. పేరుకి రక్షణ ఇచ్చిన ఏడే, చేసేవాళ్ల జాబితా చించేశాం.

ఆ తర్వాత జరిగింది అంతా దీని కొనసాగింపే అని నా ఉద్దేశం. సర్కారు మేళాల్లో ఉచితంగానో తక్కువకో ఇచ్చే స్టాళ్లు గ్రూపుల జాబితా నుంచి పోతాయి. గ్రూపు నుంచి ఎవరు రాగలరు? ఇల్లు వదిలి పది పన్నెండు రోజులు ఉండగలిగినవాళ్లు, నాలుగు మాటలు మాట్లాడగలిగినవాళ్లు, ఆఫీసులో ముఖం తెలిసినవాళ్లు. ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్ల దూరం, పిల్లల్ని పెట్టుకుని చెక్క చెక్కే మనిషి అక్కడ పడుకుని ఇక్కడ అమ్మగలదా? వచ్చినవాళ్లు ఆవకాయ, అప్పడాలతో పాటు నాలుగు చెంచాలు కూడా తెస్తారు, అవి అయిపోతే పక్క హోల్‌సేలర్ దగ్గర తెచ్చి నింపుతారు. ఇందులో మోసం చేద్దామనే బుద్ధి చాలామందికి లేదు, స్టాలు ఖాళీగా కనపడకూడదు అంతే.

ఇంకోవైపు హస్తకళల శాఖది వేరే జాబితా, పెహచాన్ కార్డు అని చేతిపనివాళ్లకిచ్చే గుర్తింపు కార్డు, 2016 నుంచి. చేనేతవాళ్లది ఇంకో జాబితా. ఒక ఇంట్లోనే అత్తకి పెహచాన్ కార్డు, కోడలికి గ్రూపు సభ్యత్వం, ఇద్దరూ ఒకే వసారాలో కూర్చుని ఒకే పని చేస్తారు, ఏ మేళా ఎవరిదో వాళ్లకే తెలీదు. 2023 సెప్టెంబర్‌లో చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పథకం పీఎం విశ్వకర్మ వచ్చి పనిముట్లకి 15 వేలు అంటే సిట్రా మళ్లీ వచ్చిందనుకున్నాం. అందులో 18 వృత్తులు పెట్టారు, చెంచాలు చెక్కే ఆడమనిషి వడ్రంగి గళ్లోకి పోవాలి, ఇంటికి ఒక్కరికే, ఆ ఒక్కరు ఎవరై ఉంటారో నేను చెప్పక్కర్లేదు. మగ్గం నేసేవాళ్లు ఆ 18లో లేనే లేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు వెంకటగిరి తిరుపతి వైపు పోయింది, చీరాల బాపట్ల వైపు పోయింది. నెల్లూరుకీ ఒంగోలుకీ జిల్లా స్టాళ్లలో ఊరి పేరు చెప్పి నిలబడే చీరల్లో పెద్ద పేర్లు పోయాయి. అప్పటినుంచి నెల్లూరు స్టాల్లో ఎక్కడ చూసినా చెంచానే జిల్లా ముఖం. పేరు మీద బరువు పెరిగేకొద్దీ ఆ పేరుతో అమ్మేవాళ్లూ పెరిగారు.

సర్కారువి కాని ప్రైవేటు ఎగ్జిబిషన్ల సంగతి చెప్పాల్సిన పని కూడా లేదు. గ్రౌండ్ మొత్తం ఒకాయన అద్దెకి తీసుకుంటాడు, స్టాళ్లు విడివిడిగా ఇస్తాడు, మూలన ఉన్నదానికో రేటు, గేటు ఎదురుదానికో రేటు. చెంచాలు అమ్మి ఆ రేటు కట్టడం అయ్యే పని కాదు. నిర్వాహకుల మాట కూడా వినాలి, గ్రౌండ్ అద్దె, కరెంటు, టెంట్లు, పర్మిషన్లు అన్నీ వాళ్లే పెట్టుకోవాలి, చెక్కే మనిషి తెచ్చిన రెండొందల చెంచాలు శని, ఆదివారాల్లో అయిపోతే మిగతా వారం ఆ స్టాలు బోసిపోతుంది అంటారు. అందులోనూ కొంత న్యాయం ఉంది. కానీ బోసిపోకుండా నింపిన సరుకు మీద ఉదయగిరి పేరు ఎందుకు రాయాలి అంటే మాత్రం జవాబు లేదు.

బయటికి పోయి అమ్ముకోవచ్చు గదా, చెన్నై పక్కనే గదా అనేవాళ్లకి ఒక ముక్క. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు వేరే రాష్ట్రం ఎగ్జిబిషన్లో నాలుగు రోజులు అమ్మాలన్నా ముందే రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. సెప్టెంబర్‌లో హస్తకళలకి 20 లక్షల లోపు అమ్మకాలకి సడలింపు ఇచ్చారు, పాన్ కార్డు, ఈ-వే బిల్లు (సరుకు తరలించడానికి ఆన్‌లైన్లో తీసే కాగితం) ఉంటే చాలన్నారు. సడలింపు వచ్చింది గానీ ఈ-వే బిల్లు తీసేది ఎవరు? మళ్లీ అదే హోల్‌సేలర్ కుర్రాడు. వాడు బిల్లు తీసిపెడతాడు, సరుకు తనే కొంటాడు, చెన్నైలో తనే అమ్ముతాడు.

ఈసారి గొడవలో చెక్కేవాళ్ల తరఫున అడుగుతున్నది చాలా చిన్నది. ‘ఉదయగిరి’ అని బోర్డు కట్టే స్టాల్లో రోజుకి ఒక పూటైనా ఒక మనిషి కూర్చుని చెక్కి చూపించాలి, చెక్కే మనిషి లేకపోతే బోర్డు తీసేయాలి, ఈ షరతు స్టాలు కేటాయింపు కాగితంలోనే రాయండి అంటున్నారు. దీనికి డీఎస్పీ అక్కర్లేదు, చెన్నై అభిప్రాయం అక్కర్లేదు, గ్రౌండ్ ఇచ్చేవాళ్లు ఒక లైను రాస్తే సరిపోతుంది. నిర్వాహకులు ఇప్పటిదాకా చెప్పిన అభ్యంతరం ఒక్కటే, చెక్కపొట్టు ఎగిరి పక్క స్టాల్లో పట్టుచీరల మీద పడుతుందట.