బిల్డింగ్ మీటర్లను బీఎమ్ఎస్‌కి కలపడం: అపోహలు - వాస్తవాలు

కరెంటు, నీళ్లు, ఏసీ మీటర్లన్నీ బీఎమ్ఎస్ (బిల్డింగ్‌లోని యంత్రాలన్నిటినీ ఒకే చోటి నుంచి చూసే కంప్యూటర్ వ్యవస్థ) స్క్రీన్ మీద కనపడాలి అన్న షరతు విశాఖలో ఇప్పుడు చాలా టెండర్లలో ఉంటోంది. మీటర్లు కొంటారు, కేబుల్ లాగుతారు, స్క్రీన్ మీద అంకెలు వస్తాయి, బిల్లు పాస్ అవుతుంది. ఆ అంకెలు నిజమా కాదా అని ఎవరూ అడగరు. అద్దెదారుల దగ్గర ఆ అంకెల ప్రకారమే డబ్బు వసూలు చేయడం మొదలుపెట్టాక గొడవలు మొదలవుతాయి. మీటర్లను నెట్‌వర్క్‌కి కలిపి, వచ్చే రీడింగ్ సరైనదో కాదో తేల్చడమే నా ఉద్యోగం. మధురవాడ ఆఫీసుల్లోనూ బీచ్ రోడ్డు హోటళ్లలోనూ నాకు తరచూ వినపడే మాటల్లో ఎక్కువ నష్టం చేసేవాటి గురించి రాస్తున్నాను.

అపోహ: కరెంటోళ్ల మీటర్ ఉందిగా, దాన్నుంచే ఒక వైరు లాగేస్తే సరిపోతుంది.

బిల్లు వచ్చే మీటర్ ఏపీఈపీడీసీఎల్‌ది, మనది కాదు. దానికి సీళ్లు ఉంటాయి. సీలు కదిలితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది వినియోగదారుడే. పైగా అందులోని డేటా డీఎల్ఎంఎస్ అనే ప్రోటోకాల్‌లో, ఐఎస్ 15959 ప్రమాణం ప్రకారం, పాస్‌వర్డ్‌తో ఉంటుంది. మామూలు బీఎమ్ఎస్ కంట్రోలర్‌కి అది నేరుగా అర్థం కాదు. అందుకే మన వైపు విడిగా ఒక చెక్ మీటర్ పెట్టుకోవడం మంచి పద్ధతి.

అయితే చెక్ మీటర్ రీడింగ్, బిల్లులో రీడింగ్ అచ్చంగా ఒకటే ఉండాలని పట్టుపట్టకండి. 11 కేవీ సరఫరా తీసుకునే చోట డిస్కమ్ కొలత సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందు జరుగుతుంది. మన మీటర్ ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత, ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) ప్యానెల్‌లో ఉంటుంది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ నష్టాలు ఉంటాయి కాబట్టి కొద్ది తేడా సహజం. లోడ్ పెద్దగా మారకుండానే ఆ తేడా నెలకో రకంగా ఊగుతుంటే మాత్రం కారణం వెతకాలి. ఇంకో సంగతి: హెచ్‌టీ (11 కేవీ లాంటి ఎక్కువ వోల్టేజీ సరఫరా) బిల్లు వేసేది కేవీఏహెచ్ మీద, అంటే పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో పనికొచ్చే వంతు) తగ్గితే పెరిగే యూనిట్ల మీద. బీఎమ్ఎస్‌లో కిలోవాట్ అవర్ ఒక్కటే దాచుకుంటే పవర్ ఫ్యాక్టర్ పడిపోయిన నెలలో బిల్లు ఎందుకు పెరిగిందో తెలియదు. రెండు రిజిస్టర్లూ (మీటర్ తన అంకెలు దాచుకునే గడులు) తీసుకోండి, అదనపు ఖర్చేమీ లేదు.

అపోహ: మీటర్‌కి ఆర్‌ఎస్-485 పోర్ట్ ఉంటే దేనితోనైనా మాట్లాడుతుంది.

ఆర్‌ఎస్-485 చెప్పేది వైరు మీద వోల్టేజీ ఎలా ఉండాలన్నంత వరకే. దాని మీద నడిచే భాష మోడ్‌బస్ కావచ్చు, బ్యాక్‌నెట్ ఎంఎస్‌టీపీ కావచ్చు. మోడ్‌బస్ 1979 నాటిది, ఫ్యాక్టరీల కోసం పుట్టింది. బ్యాక్‌నెట్ 1995లో అమెరికాలోని ఆష్రే సంస్థ ప్రమాణంగా వచ్చింది, బిల్డింగుల కోసమే. ఒకే జత వైర్ల మీద ఈ రెండింటినీ కలిపి పెడితే ఏదీ సరిగ్గా పనిచేయదు. విడి లైన్లు వేసి, మోడ్‌బస్ వైపు గేట్‌వే (ఒక భాషని ఇంకో భాషలోకి మార్చే పరికరం) పెట్టాలి.

వైరింగ్ విషయంలో మాత్రం భాష ఏదైనా నియమాలు ఒకటే. ఒక మీటర్ నుంచి ఇంకో మీటర్‌కి లూపింగ్‌గా వెళ్లాలి, మధ్యలో కొమ్మలు తీయకూడదు. లైనుకి రెండు చివర్లా 120 ఓమ్ రెసిస్టర్ పెట్టాలి, మధ్యలో ఉన్న మీటర్లకి అక్కర్లేదు. షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్ చేయాలి. తక్కువ వేగాల్లో లైను పొడవు 1200 మీటర్ల దాకా పోవచ్చు. పాత లెక్కన ఒక సెగ్మెంట్‌లో 32 పరికరాలు. కొత్త చిప్పులున్న మీటర్లు ఇంకా ఎక్కువ పడతాయి కానీ, మోడ్‌బస్‌లో చిరునామాలు 247కి మించవు. ఏ, బీ అని రాసిన టెర్మినల్స్ అన్ని కంపెనీలకూ ఒకే అర్థంలో ఉండవు. కొత్త మీటర్ మాట్లాడకపోతే ముందు ఆ రెండు వైర్లు మార్చి చూడండి, ఏమీ కాలిపోదు.

అపోహ: స్క్రీన్ మీద అంకె వచ్చింది, ఇంటిగ్రేషన్ అయిపోయింది.

"సార్, స్క్రీన్ మీద వస్తోంది కదా" అనే మాట సైట్‌లో దాదాపు రోజూ వింటాను. నాకు అన్నిటికన్నా టెన్షన్ తెప్పించే మాట ఇదే. అసలు పని అక్కడ మొదలవుతుంది కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్తాను.

మీటర్‌లో 230 వోల్టులు ఉన్నాయనుకోండి. చాలా మీటర్లు దాన్ని ఫ్లోట్ (దశాంశాలు ఉండగల అంకె) రూపంలో, పక్కపక్కనే ఉన్న రెండు రిజిస్టర్లలో పంపుతాయి. మొదటి దానిలో 17254, రెండో దానిలో 0 ఉంటుంది. ఈ రెండింటినీ సరైన వరుసలో కలిపితే 230 వస్తుంది. వరుస తిరగేసి కలిపితే దాదాపు సున్నా వస్తుంది, అప్పుడు "మీటర్ పాడైంది" అని వెండార్‌కి ఫోన్ వెళ్తుంది. ఒక్క రిజిస్టరే తీసి మామూలు అంకెగా చదివితే 17254 వోల్టులు అని చూపిస్తుంది. ఇలాంటి తప్పులు కళ్లకి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి కాబట్టి బయటపడతాయి. భయపడాల్సింది నమ్మేలా ఉండే తప్పులకి.

సీటీ అంటే పెద్ద కరెంటుని మీటర్ కొలవగలిగేంత చిన్నది చేసే ట్రాన్స్‌ఫార్మర్. దాని రేషియో సంగతే చూడండి. 400/5 సీటీ అంటే 80 రెట్లు. కొన్ని మీటర్లు ఈ గుణకారం తామే చేసి ప్రైమరీ విలువ (లైనులోని అసలు కరెంటు) పంపుతాయి, కొన్ని సెకండరీ విలువే (సీటీ తగ్గించిన కరెంటు) పంపుతాయి. మీటర్ గుణించినదాన్ని గేట్‌వేలో మళ్లీ గుణిస్తే అంకె చూడగానే తప్పని తెలిసిపోతుంది. అదే 400/5 సీటీ ఉన్న చోట మీటర్‌లో 200/5 అని సెట్ చేసి ఉంటే రీడింగ్ సగమే వస్తుంది. సగం అంకె చూసి ఎవరికీ అనుమానం రాదు, పైగా పొదుపు చేస్తున్నామని సంబరపడతారు.

ఒక ఫేజ్ సీటీ తిరగేసి బిగిస్తే ఆ ఫేజ్ పవర్ మైనస్‌లోకి వెళ్తుంది. మూడు ఫేజులూ సమానంగా ఉన్నప్పుడు మొత్తం కిలోవాట్లు మూడో వంతుకి పడిపోతాయి. మొత్తం అంకె ఒక్కటే చూసేవాళ్లకి లోడ్ తక్కువగా ఉందనిపిస్తుంది తప్ప కారణం తెలియదు. అందుకే నేను ప్రతి మీటర్‌నీ ఫేజ్ వారీగా చూస్తాను. ప్యానెల్ దగ్గర క్లాంప్ మీటర్‌తో ఒకరు, స్క్రీన్ దగ్గర ఇంకొకరు, ఫోన్‌లో మాట్లాడుకుంటూ మూడు కరెంట్లు, మూడు కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ సరిచూడాలి. ఆ తర్వాత ఒక గంట ఆగి, మీటర్ ముఖం మీద యూనిట్లు ఎన్ని పెరిగాయో, స్క్రీన్ మీద అన్నే పెరిగాయో లేదో చూడాలి. ఈ పనికి మీటర్‌కి గంటకు పైనే పడుతుంది. టెండర్‌లో ఈ సమయానికి డబ్బు కేటాయించకపోవడమే ఇన్ని తప్పుడు రీడింగులకి మూలమని నేను గట్టిగా నమ్ముతాను.

సీటీ వైర్లు ముట్టుకునేటప్పుడు ఒక హెచ్చరిక: లోడ్ నడుస్తుండగా సీటీ సెకండరీని తెరిచి ఉంచితే ప్రాణాంతకమైన వోల్టేజీ వస్తుంది. షార్టింగ్ లింకులు వేశాకే వైరు విప్పాలి.

అపోహ: కిలోవాట్లు చదువుతున్నాం కాబట్టి యూనిట్లు బీఎమ్ఎస్ లెక్కేస్తుంది.

లెక్కేస్తుంది, తప్పుగా. ఐదు నిమిషాలకోసారి చదివే కిలోవాట్లలో లిఫ్ట్, పంపు, చిల్లర్ మధ్యలో ఎక్కి దిగిన లోడ్ కనపడదు. నెట్‌వర్క్ రెండు గంటలు పడిపోతే ఆ రెండు గంటల వాడకం లెక్కలోంచి ఎగిరిపోతుంది. మీటర్‌లో మొత్తం యూనిట్ల రిజిస్టర్ ఉంటుంది, అది నెట్‌వర్క్ ఉన్నా లేకపోయినా పెరుగుతూనే ఉంటుంది. దాన్ని చదివి, ఇప్పటి రీడింగ్ లోంచి పాత రీడింగ్ తీసేస్తే చాలు. పెద్ద క్యాంపస్ మెయిన్ మీటర్లలో ఇంకో చిక్కు ఉంది: ఫ్లోట్‌లో 1,67,77,216 దాటాక ఒక్కో యూనిట్ పెరుగుదల సరిగ్గా నమోదు కాదు. అలాంటి చోట్ల పూర్ణాంకం రూపంలో ఉన్న రిజిస్టర్ తీసుకోవాలి.

అపోహ: ఎంత వేగంగా చదివితే అంత మంచిది.

9600 బాడ్ (సెకనుకి 9600 బిట్ల వేగం) మీద 50 రిజిస్టర్లు అడిగి తెచ్చుకోవడానికి వైరు మీదే సెకనులో ఎనిమిదో వంతు పైగా పడుతుంది, మీటర్ ఆలోచించుకునే సమయం అదనం. 30 మీటర్లు, ఒక్కోదానికి మూడు ప్రశ్నలు అంటే ఒక చుట్టు తిరగడానికి పది పదిహేను సెకన్లు దాటుతుంది. ఒక్క మీటర్ చచ్చిపోయి ఉంటే దాని టైమౌట్లు, మళ్లీ అడగడాలు కలిసి లైను మొత్తాన్ని ఈడుస్తాయి. యూనిట్లకి 15 నిమిషాలకోసారి చాలు. మ్యాగ్జిమమ్ డిమాండ్‌ని మీటర్ తన గడియారం ప్రకారం లెక్కిస్తుంది కాబట్టి, ఆ విలువని మీటర్ నుంచే తీసుకోండి.

అపోహ: నీళ్ల మీటర్‌కి పల్స్ అవుట్‌పుట్ ఉంటే సరి.

కొంత నీరు పోయినప్పుడల్లా మీటర్ ఒక పల్స్ (విద్యుత్ సంకేతం) పంపుతుంది. ఒక పల్స్‌కి ఒక లీటరా, పదా, వందా అన్నది ముందు తేల్చుకోవాలి. కంట్రోలర్ ఆగి ఉన్నప్పుడు వచ్చిన పల్సులు ఇక దొరకవు. జీవీఎంసీ లైను, బోరు, ట్యాంకర్ మూడూ వాడే అపార్ట్‌మెంట్లలో నెలకోసారి మీటర్ ముఖం చూసి సరిచేసుకోవడం తప్పనిసరి. కొత్తగా కొనేవాళ్లు ఎం-బస్ (మీటర్ల కోసమే ఉన్న ఇంకో భాష) లేదా మోడ్‌బస్ ఉన్న మీటర్ అడిగితే ఈ బాధ ఉండదు.

అపోహ: బీటీయూ మీటర్ కంపెనీ మంచిదైతే చల్లటి నీళ్ల బిల్లు కచ్చితంగా ఉంటుంది.

ఏసీకి వెళ్లే చల్లటి నీళ్ల ప్రవాహాన్నీ, ఉష్ణోగ్రత తేడానీ చూసి వాడిన చల్లదనాన్ని లెక్కేసేది బీటీయూ మీటర్. చిల్డ్ వాటర్ వెళ్లే పైపుకీ తిరిగొచ్చే పైపుకీ మధ్య తేడా 5, 6 డిగ్రీలే. రెండు సెన్సర్ల మధ్య అర డిగ్రీ తప్పు ఉంటే బిల్లులో పది శాతం దాకా తప్పు. అందుకే జతగా క్యాలిబ్రేట్ చేసిన సెన్సర్లే వాడాలి, ఒకటి పాడైతే రెండూ మార్చాలి. పైపు బయట కట్టిన సెన్సర్ వద్దు, నీళ్లలోకి దిగే పాకెట్‌లో పెట్టాలి. మన విశాఖ ఉక్కపోతలో ఇన్సులేషన్ ఊడిన చోట చెమ్మ ధారగా కారుతుంది, ఆ నీరు సెన్సర్ టెర్మినల్స్‌లోకి చేరితే రీడింగ్ మెల్లగా పక్కకి జరుగుతుంది. ఫ్లో మీటర్‌కి ముందు తయారీదారు చెప్పినంత తిన్నని పైపు లేకపోతే, వంపు పక్కనే పెడితే, ఎంత ఖరీదైన మీటరైనా తప్పే చెప్తుంది.

అపోహ: హైదరాబాద్‌లో చేసినట్టే ఇక్కడా చేస్తే చాలు.

రుషికొండ కొండ మీదా, బీచ్ రోడ్డు టెర్రస్‌ల మీదా ఉప్పు గాలి రాగి టెర్మినల్స్‌ని తినేస్తుంది. పచ్చగా పట్టిన టెర్మినల్ ఉన్న లైను పొద్దున పనిచేసి మధ్యాహ్నం ఆగుతుంది, ఏ సాఫ్ట్‌వేర్‌లో వెతికినా దొరకదు. టిన్ పూత ఉన్న లగ్గులు, గట్టిగా మూసిన గ్లాండ్లు వాడండి. ఒక బ్లాక్ నుంచి ఇంకో బ్లాక్‌కి రాగి తీగ కాకుండా ఫైబర్ వేస్తే పిడుగుల భయం తగ్గుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అంతకాలం ఆగి మళ్లీ లేచే గేట్‌వేకి గడియారం, సెట్టింగులు మిగిలి ఉంటాయా అన్నది ఇప్పుడే పరీక్షించుకోవాలి. కాన్ఫిగరేషన్ ఫైలు కాపీ బిల్డింగ్ వాళ్ల దగ్గర ఉండాలి, వెండార్ ల్యాప్‌టాప్‌లో మాత్రమే కాదు.

అపోహ: మీటర్లే కదా, సెక్యూరిటీ దేనికి?

మామూలు మోడ్‌బస్‌కి పాస్‌వర్డ్ అంటూ లేదు. నెట్‌వర్క్‌లోకి వచ్చినవాళ్లు చదవగలరు, చాలా మీటర్లలో రాయగలరు కూడా. గేట్‌వేని చదవడానికి మాత్రమే సెట్ చేసి, విడి వీల్యాన్‌లో (మిగతా నెట్‌వర్క్‌తో కలవని భాగంలో) పెట్టండి. మోడ్‌బస్, బ్యాక్‌నెట్ వాడే 502, 47808 పోర్టులు ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచకండి.

అపోహ: ఒకసారి కమిషనింగ్ (సరిచూసి వాడుకలోకి తేవడం) అయితే ఇక చూడక్కర్లేదు.

మీటర్ కాలిపోయి కొత్తది పెట్టిన రోజు రీడింగ్ సున్నా నుంచి మొదలవుతుంది. ఆ నెల వాడకం బీఎమ్ఎస్‌లో మైనస్‌లో వస్తుంది, లేదంటే రిపోర్ట్ ఖాళీగా వస్తుంది. మార్చే ముందు పాత మీటర్ చివరి రీడింగ్ ఫొటో తీయాలి. కొత్త మీటర్‌లో చిరునామా, బాడ్ రేట్, పారిటీ, సీటీ రేషియో పాతదానిలాగే సెట్ చేయాలి. కంపెనీ మారితే రిజిస్టర్ మ్యాప్ మొత్తం మార్చాలి. తేదీ, రెండు రీడింగులు, సీటీ రేషియో రాసిన కాగితం ప్యానెల్ తలుపు లోపల అంటించి, దాని కాపీ అకౌంట్స్ వాళ్లకి ఇవ్వండి. ఆ నెల బిల్లు మీద అద్దెదారు అభ్యంతరం చెప్తే చూపించడానికి అదే ఆధారం.